‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’లో అస్థిపంజరాల పోరాటం ఎలా తీశారు? అలాంటి షాట్ ఇంట్లో ఫోన్‌తో తీయడం సాధ్యమేనా?

మీరు అడిగింది ఇదీ: 1963లో వచ్చిన ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’ చివర్లో ఏడు అస్థిపంజరాలు ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేస్తాయి. కంప్యూటర్ లేని రోజుల్లో అదెలా కుదిరింది? మీ తమ్ముడు కత్తి తిప్పుతుంటే ఎదురుగా ఒక అస్థిపంజరం పోరాడే పది సెకన్ల షాట్ ఫోన్‌తో తీయాలంటే బొమ్మ ఎంత బాగా చేయాలి?

సాధ్యమే. అయితే ముందు శ్రద్ధ పెట్టాల్సింది బొమ్మ మీద కాదు, మీ తమ్ముణ్ని తీసే షాట్ మీద. అతని కత్తి గాలిలో సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగితే, మామూలు తీగ బొమ్మతో కూడా చూసేవాళ్లు నమ్ముతారు. అతను ఊరికే గాలిని కోస్తూ పోతే ఎంత గొప్ప బొమ్మ పెట్టినా ఇద్దరూ వేర్వేరు సినిమాల్లో ఉన్నట్టే ఉంటుంది. పది సెకన్లంటే సెకనుకు 24 చొప్పున 240 ఫ్రేములు, అంటే 240 విడి ఫోటోలు. ఒక్క బొమ్మకు ఫ్రేముకు మూడు నిమిషాలు వేసుకున్నా పన్నెండు గంటల పని. దాన్ని మూడేసి సెకన్ల ముక్కలుగా విడగొట్టి రోజుకొకటి చేయండి.

ముందు ఆ సినిమాలో ఏం చేశారో చూద్దాం. మీ పద్ధతి అందులోంచే వస్తుంది.

ఈ సినిమాకు స్పెషల్ ఎఫెక్ట్స్ చేసిన రే హ్యారీహౌసెన్ వాడిన పద్ధతికి డైనమేషన్ అని పేరు. ముందు నటులను లొకేషన్‌లో మామూలుగా తీస్తారు. ఈ సినిమాలో చాలా భాగం దక్షిణ ఇటలీలోని పాలినూరో దగ్గర తీశారు. ఆ ఫిల్మును స్టూడియోలో ఒక చిన్న తెర మీద వెనక నుంచి ప్రొజెక్ట్ చేస్తారు, అదీ ఒక్కో ఫ్రేము ఆపి. తెరకూ కెమెరాకూ మధ్య బల్ల మీద బొమ్మ ఉంటుంది. ప్రొజెక్టర్‌లో ఒక ఫ్రేము, బొమ్మకు ఒక చిన్న కదలిక, కెమెరాలో ఒక ఫ్రేము. మళ్లీ మొదలు.

ఇంతవరకే అయితే బొమ్మ ఎప్పుడూ బల్ల అంచు మీద నిలబడ్డట్టే కనిపిస్తుంది. అందుకని కెమెరాకు ముందు ఒక గాజు పలక పెట్టి, నేల భాగం ఎక్కడ మొదలవుతుందో ఆ గీత వెంబడి కింది భాగానికి నల్ల రంగు పూస్తారు. మొదటి విడతలో బొమ్మ, వెనక దృశ్యం మాత్రమే ఫిల్ము మీద పడతాయి. నల్లగా ఉన్న చోట ఫిల్ము ఖాళీగా మిగులుతుంది. తర్వాత ఫిల్మును వెనక్కి తిప్పి, ఈసారి పై భాగాన్ని నలుపుతో మూసి, కింద ఉన్న అసలు నేలను అదే ఫిల్ము మీద రెండోసారి ఎక్స్‌పోజ్ చేస్తారు. దాంతో నటులున్న దృశ్యం వెనకా ముందూ ఉండి, మధ్యలో బొమ్మ ఇరుక్కుంటుంది. ఆ రంగు అంచు వెంట్రుకవాసి తప్పినా తెర మీద గీత వణుకుతూ కనిపిస్తుంది. కెమెరానో గాజునో మోచెయ్యి తగిలి కదిలిందంటే ఆ షాట్ మొదటి నుంచీ తీయాల్సిందే. తీసింది ఎలా వచ్చిందో ల్యాబ్ నుంచి ఫిల్ము కడిగి వచ్చేదాకా తెలియదు.

అస్థిపంజరాలు దాదాపు 8 నుంచి 10 అంగుళాల ఎత్తువి. లోపల ఉక్కు బాల్ అండ్ సాకెట్ కీళ్లు. వాటిలో ఒకటి 1958 నాటి సింద్‌బాద్ సినిమా కోసం చేసిన పాత బొమ్మే. ఒక్కోదానికి తల, రెండు చేతులు, రెండు కాళ్లు, అంటే ఐదు భాగాలు కదపాలి. ఏడూ ఒకే ఫ్రేములో ఉంటే ఫ్రేముకు 35 కదలికలు. హ్యారీహౌసెన్‌కు రోజుకు సగటున 13 ఫ్రేములే అయ్యేవి, అంటే తెర మీద అర సెకను. ఆ ఒక్క పోరాటానికే నాలుగున్నర నెలలు పట్టింది.

చాలామంది ఈ లెక్కలు చెప్పి ఆయన ఓపికను మెచ్చుకుని ఆగిపోతారు. ఓపిక గొప్పదే, కానీ ఆ పోరాటం నిలబడింది మాత్రం ముందే వేసుకున్న ప్రణాళిక మీద. మొదట స్టంట్ మనుషులు అస్థిపంజరాల స్థానంలో నిలబడి నటులతో కత్తులు కలిపారు. ప్రతి దెబ్బనూ లెక్కపెట్టి కంఠతా పట్టించారు. ఆ తర్వాత స్టంట్ మనుషులను తప్పించి, నటులు ఒంటరిగా అవే కదలికలు చేస్తుంటే తీశారు. ఈసారి సినిమా చూసేటప్పుడు అస్థిపంజరాలను వదిలేసి జేసన్ పాత్ర వేసిన టాడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ మణికట్టు మాత్రమే చూడండి. అడ్డేమీ లేని చోట కత్తి టక్కున ఆగుతుంది. దెబ్బ తగిలినట్టు భుజం వెనక్కి తగ్గుతుంది. బల్ల దగ్గర హ్యారీహౌసెన్ చేసిన పని ఆ ఆగిన కత్తి దగ్గరికి, ఆ ఫ్రేముకే, బొమ్మ కత్తిని తీసుకురావడం.

ఇంకొకటి కూడా గమనించండి. నటులు వెనక తెర మీద ఉంటారు కాబట్టి బొమ్మలు ఎప్పుడూ వాళ్లకు ముందే ఉంటాయి. చాలా షాట్లలో అస్థిపంజరం మనిషిని కప్పుతుంది, మనిషి అస్థిపంజరాన్ని కప్పడం అరుదు. మీరు కూడా అస్థిపంజరాన్ని కెమెరా వైపు, తమ్ముణ్ని దాని వెనక ఉంచండి. ఒక్క ఈ నిర్ణయంతో ఎడిటింగ్‌లో తమ్ముడి చేతిని ఫ్రేము ఫ్రేముకూ కత్తిరించే పని దాదాపు తప్పిపోతుంది.

ఇక మీ షాట్.

తమ్ముణ్ని తీయడం. ఫోన్ ట్రైపాడ్ మీద బిగించాలి, ఒక్క మిల్లీమీటరు కూడా కదలకూడదు. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో లాక్ చేయండి. పగటి వెలుతురులో షట్టర్ వేగం సెకనులో 1/100 నుంచి 1/200 వంతు మధ్య పెట్టండి. బొమ్మ ఫోటోల్లో మోషన్ బ్లర్ (కదలిక వల్ల చిత్రం అలుక్కుపోవడం) ఉండదు, కాబట్టి తమ్ముడి కదలికలోనూ బ్లర్ తక్కువుంటేనే రెండూ కలుస్తాయి. నేల సాదా మట్టి గానీ సిమెంటు గానీ అయితే మంచిది. గడ్డి వద్దు.

ఒక స్నేహితుణ్ని అస్థిపంజరం స్థానంలో నిలబెట్టి కర్రలతో పది, పదిహేను సార్లు సాధన చేయించండి. అంకెలు పైకి లెక్కపెడుతూ చేస్తే, ‘మూడు’ అన్నప్పుడు దెబ్బ ఎక్కడ తగులుతుందో శరీరానికే గుర్తుంటుంది. ఆ సాధనను కూడా అదే ఫ్రేములో రికార్డు చేసి ఉంచుకోండి. బొమ్మ కదిలించేటప్పుడు మీకు గురువు అదే. తర్వాత స్నేహితుణ్ని తప్పించి తమ్ముడితో ఒంటరిగా చేయించండి. చూపు ఎక్కడుండాలో గుర్తుకు, స్నేహితుడి కళ్ల ఎత్తులో కెమెరాకు కనపడని చోట ఒక కర్రకు టేపు చుట్టి పెట్టండి. చివర్లో ఎవరూ లేని ఖాళీ దృశ్యం పది సెకన్లు తీయడం మర్చిపోవద్దు. తర్వాత ఏదైనా చెరపాల్సి వస్తే అదే దిక్కు.

ఫోన్ వీడియోతో ఒక చిక్కుంది. చాలా ఫోన్లు 24 అని చూపించినా ఫ్రేముల వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ రికార్డు చేస్తాయి. అలాగే వదిలేస్తే మీరు 40వ ఫ్రేము అనుకున్నది ఎడిటింగ్‌లో 42 అవుతుంది, దెబ్బ తప్పుతుంది. అందుకే ముందుగా హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 24 ఫ్రేములకు మార్చి, ఆ తర్వాతే ఫ్రేములు లెక్కపెట్టండి.

కొలతలు. కెమెరా ఎత్తు, దూరం బొమ్మ నిష్పత్తిలో తగ్గాలి. ఎక్కువ షాట్లు చెడేది ఇక్కడే. అస్థిపంజరం నిజంగా ఉంటే 170 సెంటీమీటర్లు, మీ బొమ్మ 25 సెంటీమీటర్లు అనుకుందాం. 170ని 25తో భాగిస్తే 6.8. బయట ఫోన్ 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే బల్ల మీద 120 భాగించు 6.8, అంటే సుమారు 17.6 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. స్నేహితుడు నిలబడ్డ చోటు ఫోన్‌కు 5 మీటర్లయితే బొమ్మకు 73.5 సెంటీమీటర్లు. అదే ఫోన్, అదే లెన్సు, జూమ్ లేకుండా. ఎత్తు తప్పితే నేల వంపు కలవదు, అస్థిపంజరం గాలిలో తేలినట్టుంటుంది. అందుకే షూటింగ్ రోజున టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. ఎండ ఏ వైపు నుంచి, ఎంత ఏటవాలుగా వస్తోందో కూడా రాయండి, ఎందుకంటే బల్ల దగ్గర దీపం అదే కోణంలో ఉండాలి.

బొమ్మ. మొదటిసారి చేసేవాళ్లకు అస్థిపంజరమే మంచి ఎంపిక. ముఖంలో భావాలు అక్కర్లేదు. చర్మం, బొచ్చు లేవు కాబట్టి వేలిముద్రలతో పైపొర కదలదు. 1933 నాటి కింగ్ కాంగ్ బొచ్చు ప్రతి ఫ్రేముకూ చెదురుతూ కనిపిస్తుంది చూడండి, అది బొమ్మను కదిపిన వేళ్ల గుర్తే. పైగా బ్లర్ లేని కటకటలాడే కదలిక ఎముకలకు సహజంగానే నప్పుతుంది. ఇదే సినిమాలో కంచు విగ్రహం టాలోస్ బిగుసుకుపోయినట్టు నడవడం కూడా హ్యారీహౌసెన్ కావాలని పెట్టిందే.

తీగకు అల్యూమినియం వాడండి. వెన్నెముకకూ కాళ్లకూ 2 మిల్లీమీటర్లది రెండు పోగులు, చేతులకు 1.5 మిల్లీమీటర్లది రెండు పోగులు, పక్కటెముకలకూ వేళ్లకూ 1 మిల్లీమీటరుది. రెండు పోగులనూ డ్రిల్ మిషన్‌కు బిగించి నెమ్మదిగా పురి పెట్టండి. పురి మరీ బిగిస్తే తీగ పెళుసెక్కుతుంది. కట్టుబడికి వాడే ఇనప బైండింగ్ వైరు వద్దు.

ఎముకలకు ఎం-సీల్ సరిపోతుంది. కీలు దగ్గర 6 నుంచి 8 మిల్లీమీటర్ల తీగ ఖాళీగా వదిలి మిగతా చోట పట్టించండి. పుట్టీ చివరను కోసుగా సన్నబరచండి. మొద్దుగా ఆగిన చోటే తీగ ప్రతిసారీ వంగి, పదేపదే వంగిన అల్యూమినియం గట్టిపడి అక్కడే తెగుతుంది. ముందుగా తెగేది కత్తి పట్టిన చేతి మోచెయ్యే. అందుకని ఛాతీ దిమ్మెలోనూ కటి దిమ్మెలోనూ చిన్న చదరపు ఇత్తడి గొట్టాలు అమర్చి, చేతులూ కాళ్లూ వాటిలోకి దూర్చి తీసేలా పెట్టుకోండి. కత్తి చేతులు రెండు అదనంగా చేసి ఉంచండి. పుర్రె లోపల థర్మోకోల్ ఉండ పెట్టి పైన పలచగా పుట్టీ వేయండి. మొత్తం పుట్టీతో చేస్తే బరువుకు మెడ వాలుతుంది. కత్తి వెదురు చీలికతో చేయండి, ఇనుము వద్దు. రంగు మ్యాట్ యాక్రిలిక్‌లో పాత దంతం రంగు వేసి, ఆరాక పలచటి గోధుమ రంగు పూసి గుడ్డతో తుడిస్తే సందుల్లో నిలుస్తుంది. మెరిసే రంగు వేస్తే దీపం చుక్కలు ఎముక మీద గెంతుతాయి.

పాదాలు బల్లకు బిగిసి ఉండాలి. పాదం లోపల ఎం3 నట్టు పెట్టి, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు రంధ్రం చేసి కింద నుంచి బోల్టు బిగించాలి. అడుగు వేసిన ప్రతి చోటా కొత్త రంధ్రం. షాట్ తీసిన నేల మట్టినే తెచ్చి జల్లెడ పట్టి ప్లైవుడ్ మీద పరిస్తే రంధ్రాలు మూసుకుపోతాయి. నీడ కూడా ఆ మట్టి మీదే నిజంగా పడుతుంది. కంప్యూటర్‌లో గీసిన నీడకన్నా ఇది ఎంతో నమ్మకంగా ఉంటుంది. ఆ చిన్న మట్టి ముక్క అంచులను ఎడిటింగ్‌లో మెత్తగా చెరిపి అసలు నేలలో కలిపేయొచ్చు. ఎడిటింగ్‌లో పచ్చ రంగును తీసేసి అక్కడ తమ్ముడి వీడియో పెట్టడానికి వాడే ఆకుపచ్చ గుడ్డ బొమ్మ వెనక మాత్రమే, కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. దగ్గరగా ఉంటే తెల్లటి ఎముకల అంచులు పచ్చగా మారి, ఆ పచ్చదనంతో పాటు పక్కటెముకలు కూడా మాయమవుతాయి.

వెనక టీవీ పెట్టి అచ్చం డైనమేషన్‌లాగే తీయొచ్చా అని కొందరు అడుగుతుంటారు. తీయొచ్చు గానీ టీవీ పిక్సెళ్లకూ ఫోన్ సెన్సార్‌కూ పొసగక అలల గీతలు వస్తాయి. మీ దీపం వెలుగు టీవీ మీద పడి నలుపు బూడిదగా మారుతుంది. ఆ సినిమాలోనూ తెరను మళ్లీ ఫోటో తీయడం వల్ల డైనమేషన్ షాట్ మొదలవగానే గ్రెయిన్ (ఫిల్ము మీద చుక్కచుక్కలుగా కనిపించే గరుకుదనం), కాంట్రాస్ట్ కొంచెం పెరుగుతాయి. ఒకసారి గమనించారంటే ప్రతి చోటా దొరుకుతుంది. మీకు ఆ ఇబ్బంది అక్కర్లేదు. వీడియోను కింది పొరగా పెట్టుకుని దాని మీద బొమ్మను చూసుకుంటూ ఫ్రేములు తీసే సౌకర్యం స్టాప్ మోషన్ (బొమ్మను కొద్దికొద్దిగా కదిపి ఒక్కో ఫోటో తీసే పద్ధతి) యాప్‌లలో ఉంటుంది. డబ్బు పెట్టగలిగితే డ్రాగన్‌ఫ్రేమ్ ఈ పనికోసమే ఉంది.

ఒక దెబ్బ, ఫ్రేముల లెక్కలో. తమ్ముడి వీడియోలో కత్తి ఆగింది 40వ ఫ్రేము అనుకోండి. ముందు అది కాగితం మీద రాసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 16, 17 ఫ్రేముల్లో నడుము మాత్రమే తిరుగుతుంది, చెయ్యి ఇంకా కదలదు. 18 నుంచి 25 దాకా కత్తి పైకి, వెనక్కి వెళ్తుంది. కత్తి మొనకు కొలిస్తే మొదట 10 మిల్లీమీటర్లు, మధ్యలో 40 దాకా, చివరికి వచ్చేసరికి 8. 26 నుంచి 33 వరకు పైన నిలుపు. పూర్తిగా బిగుసుకుపోనివ్వొద్దు, ఫ్రేముకు ఒక మిల్లీమీటరు జరుగుతూ ఉండాలి, తల కొంచెం వాలాలి. 34 నుంచి దెబ్బ: 5, 12, 22, 35, 45, 50, 50. ఏడో కదలిక 40వ ఫ్రేములో తమ్ముడి కత్తిని తాకుతుంది. వేగం తాకేదాకా పెరగాలే తప్ప చివర్లో తగ్గకూడదు. చివర్లో తగ్గిస్తే కత్తిని మెల్లగా ఆనించినట్టు ఉంటుంది. 41లోనూ కత్తి అక్కడే. 42 నుంచి 15, 8, 3 చొప్పున వెనక్కి ఎగురుతుంది. అదే సమయంలో మోకాళ్లు వంగి కటి మూడు మిల్లీమీటర్లు దిగాలి. బొమ్మకు బరువుందని చూసేవాళ్లకు తెలిసేది ఆ మూడు మిల్లీమీటర్లతోనే.

కదలిక కొలవడానికి ఆ రోజుల్లో సర్ఫేస్ గేజ్ వాడేవారు. బరువైన దిమ్మె మీద సూది ఉంటుంది. దాని మొనను బొమ్మ మోచేతికి ఆనించి, మోచేతిని జరిపి, ఎంత జరిగిందో చూసి, గేజ్ తీసేసి ఫ్రేము కొట్టేవారు. మీకు యాప్ తెర మీద ముందు ఫ్రేము లీలగా కనిపిస్తుంది కాబట్టి గేజ్ లేకపోయినా నడుస్తుంది. కెమెరా వైపుకు, వెనక్కి జరిగే కదలిక మాత్రం తెర మీద తెలియదు. దానికి ఒక చెక్కముక్కకు సూది గుచ్చి వాడుకోండి.

వీడియోలో తమ్ముడు ప్రతి ఫ్రేముకూ కదులుతాడు. కాబట్టి బొమ్మ కూడా ప్రతి ఫ్రేముకూ కదలాలి. పని సగం తగ్గుతుందని ఒక ఫోటోను రెండు ఫ్రేములకు వాడితే ఇద్దరూ పక్కపక్కన ఉన్నప్పుడు బొమ్మ తడబడుతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది.

ఫ్రేము ఫ్రేముకూ వెలుగు మారి కనిపించే మినుకుమినుకు అందరినీ వేధిస్తుంది, దానికి కారణాలు చాలా. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతుంది. కాబట్టి ఫోటోలకు షట్టర్ 1/25 గానీ అంతకన్నా నెమ్మదిగా గానీ పెట్టండి. నీళ్ల మోటారు, ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు వోల్టేజీ పడుతుంది, అందుకని బ్యాటరీతో నడిచే ఎల్ఈడీ ప్యానెల్ మేలు. కిటికీలు నల్ల గుడ్డతో పూర్తిగా మూయండి, మబ్బు పట్టినా ఫ్రేములో తెలుస్తుంది. ఫ్యాన్ ఆపాలి. ముదురు రంగు చొక్కా వేసుకుని ప్రతి ఫ్రేముకూ ఒకే చోట నిలబడి బటన్ నొక్కండి. తెల్ల చొక్కా నుంచి బల్ల మీదకు వెలుగు తిరిగి కొడుతుంది. ఫోన్‌ను ముట్టుకోవద్దు, బ్లూటూత్ రిమోట్ వాడండి. ఫోన్ బదులు డీఎస్‌ఎల్‌ఆర్ వాడితే లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11 దాకా చిన్నది చేయాల్సి వస్తుంది, లేకపోతే బొమ్మలో సగం ఫోకస్ తప్పుతుంది. అప్పుడు లెన్సు లోపలి రెక్కలు ప్రతిసారీ ఒకే కొలతకు మూసుకోక ఇంకో రకం మినుకు మొదలవుతుంది. దానికి చేత్తో తిప్పే పాత మాన్యువల్ లెన్సే మందు.

బొమ్మనూ తమ్ముడి వీడియోనూ కలపడానికి డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. పచ్చదనం తీశాక బొమ్మ నలుపును తమ్ముడి షాట్‌లోని నీడల నలుపుతో కలపండి. చాలామంది తెలుపు కలిపి నలుపు వదిలేస్తారు, అందుకే బొమ్మ అతికించినట్టు ఉంటుంది. ఆ తర్వాత మొత్తం చిత్రం మీద కొద్దిగా గ్రెయిన్ వేయండి. కత్తుల శబ్దం సరిగ్గా 40వ ఫ్రేము మీద పెట్టండి. చూపుకు ఒక ఫ్రేము అటూ ఇటూ అయినా చెవి దాన్ని సర్దేస్తుంది.

మొదటి ప్రయత్నంలో నడక పెట్టుకోవద్దు. అస్థిపంజరం ఒకే చోట పాదాలు ఆనించి మూడు దెబ్బలు, ఒక వెనకడుగు. అది కుదిరాక గెంతు. గెంతుకు బొమ్మ నడుము వెనక నుంచి ఒక గట్టి తీగ స్టాండు కావాలి, దాన్ని తర్వాత చెరపాలి. ఆకుపచ్చ గుడ్డ ముందు పడిన భాగానికి పచ్చ రంగు పూస్తే అది గుడ్డతో పాటే పోతుంది. మట్టి ముందు పడిన భాగం చెరపడానికి బొమ్మ లేని ఖాళీ బల్ల ఫోటో ఒకటి అదే వెలుతురులో ముందే తీసి పెట్టుకోవాలి.

మీరు తీయబోయే చోటు ఆరుబయటా, ఇంట్లోనా, తమ్ముడికీ ఫోన్‌కూ మధ్య ఎంత దూరం ఉంటుందో రాయండి. బొమ్మ ఎత్తు, కెమెరా ఎత్తు, దీపం కోణం లెక్కవేసి చెప్తాను.